తీసివేయగా మిగిలిన పాట: లెనన్ 1970 ఆల్బంపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. పిలిచినందుకు నిర్వాహకులకు, ఈ ఉక్కపోతలో కూడా వచ్చినందుకు మీకు కృతజ్ఞతలు. రాక్ సంగీతం నుంచి ఏదైనా ఒక రికార్డు ఎంచుకుని మాట్లాడమన్నప్పుడు నేను పెద్దగా తడుముకోలేదు. జాన్ లెనన్ 1970 డిసెంబర్ 11న విడుదల చేసిన 'జాన్ లెనన్/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్'. పదకొండు పాటలు, నలభై నిమిషాలకు కాస్త తక్కువ నిడివి.

ముందే ఒక హెచ్చరిక. 'ఇమాజిన్' పాడిన సాత్వికుడైన లెనన్ కోసం వచ్చినవారు కొంత ఓపిక పట్టాలి. ఆ పాటకు ఇంకా ఏడాది దూరం ఉంది. ఇప్పుడు మీరు వినబోయే మనిషికి కోపం ఉంది, ఏడుపు ఉంది, ఎవరినీ మెప్పించాలన్న కోరిక మాత్రం లేదు.

(మొదటి పాట ప్రారంభం వినిపించారు.)

అది చావు గంట. టేపు వేగం తగ్గించి వినిపించడం వల్ల మోత అంత బరువుగా, అంత నెమ్మదిగా ఉంది. గంట ఆగీ ఆగకముందే, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, "అమ్మా" అన్న పిలుపు. పియానో, బేస్ గిటారు, డ్రమ్స్, గొంతు. వేరే ఏమీ లేవు. పియానో కూడా ఒక స్వరగుచ్ఛం మోగించి, అది గాలిలో కరిగేదాకా ఆగి, తర్వాతే ఇంకొకటి మోగిస్తుంది. ఇంత ఖాళీ స్థలం ఉన్న పాటను, ప్రపంచంలో అప్పటికి అత్యంత పేరున్న నలుగురు బీటిల్స్‌లో ఒకడు తన ఆల్బంకు తొలి పాటగా పెట్టాడు.

ఈ రికార్డును 'పచ్చి' రికార్డు అంటారు. గుండె చీల్చి చూపించాడంటారు. యాభై ఏళ్లుగా విమర్శకులు రాస్తున్నది ఇదే. నాకు ఆ మాటతో సగం పేచీ ఉంది. ఇందులో బాధ నిజం. కానీ ఆ బాధ మనదాకా ఇంత సూటిగా రావడానికి కారణం అతను ఎంత చెప్పుకున్నాడన్నది మాత్రమే అయి ఉంటే, ఇలాంటి రికార్డులు వీధికొకటి ఉండేవి. అతను ఎంత తీసేశాడన్నది అసలు సంగతి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదొక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి.

ఆ సంవత్సరం సంగతి కొంచెం చెప్పాలి. 1970 ఏప్రిల్‌లో, లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్‌ల బృందం బీటిల్స్ విడిపోయిన వార్త బయటికి వచ్చింది. నవంబర్ 27న జార్జ్ హారిసన్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' విడుదల చేశాడు. మూడు రికార్డుల పెట్టె అది. సరిగ్గా రెండు వారాలకు లెనన్ ఆల్బం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వింటే ఆశ్చర్యం వేస్తుంది. రెండింటికీ నిర్మాతల్లో ఒకడు ఫిల్ స్పెక్టర్. రెండింటిలోనూ రింగో స్టార్ డ్రమ్స్ వాయించాడు, క్లాస్ వూర్మన్ బేస్ వాయించాడు, బిల్లీ ప్రెస్టన్ కీబోర్డుల దగ్గర కూర్చున్నాడు. మనుషులు వాళ్లే. వచ్చిన ధ్వనికి మాత్రం ఎక్కడా పొంతన లేదు. హారిసన్‌ది విస్తరి నిండిన పెళ్లి భోజనం. లెనన్‌ది అన్నం, ఉప్పు, పచ్చిమిరపకాయ.

స్పెక్టర్ అంటేనే హోరు. ఒకే గదిలో అరడజను గిటార్లు, రెండు మూడు పియానోలు, ఇద్దరు డ్రమ్మర్లు, దాని మీద ప్రతిధ్వని. అమెరికాలో ఆ పద్ధతికి ధ్వని గోడ అని పేరే పడింది. అలాంటి మనిషిని నిర్మాతగా పెట్టుకుని లెనన్ ఇంత బోసి రికార్డు ఎలా చేశాడు? జవాబు సరదాగా ఉంటుంది. స్పెక్టర్ చాలా రోజులు రానేలేదు. ఎక్కడున్నాడో దొరకక, లెనన్ 'బిల్‌బోర్డ్' పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు: ఫిల్, ఈ వారాంతానికి జాన్ సిద్ధంగా ఉన్నాడు, అని. (నవ్వులు.) ఆ తర్వాత వచ్చి, చివరి దశలో పనిచేశాడు. 'లవ్' పాటలో వినిపించే ఆ మెత్తని పియానో స్పెక్టర్ వాయించిందే. గోడలు కట్టే మనిషి చేత ఒక్క ఇటుక పెట్టించుకున్నాడన్న మాట.

ఇప్పుడు ఈ బాధ ఎక్కడిది అన్న ప్రశ్న. ఇది తెలియకపోయినా పాటలు అర్థమవుతాయి, తెలిస్తే కొన్ని మాటల బరువు తెలుస్తుంది. లెనన్ 1940 అక్టోబర్ 9న లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రి ఆల్ఫ్రెడ్ ఓడల్లో పనిచేసేవాడు, ఇంట్లో ఉన్నది తక్కువ. ఐదేళ్ల వయసు నుంచి పెద్దమ్మ మిమీ పెంచింది. తల్లి జూలియా బతికే ఉంది, ఎక్కడో దూరదేశంలోనూ లేదు. అదే ఊళ్లో, నడిచి వెళ్లగలిగినంత దూరంలో, వేరే మనిషితో, వేరే పిల్లలతో కాపురం ఉంది. కొడుకు కాస్త ఎదిగాక వాళ్లిద్దరూ మళ్లీ దగ్గరయ్యారు. అతనికి బాంజో మీద తొలి స్వరాలు నేర్పింది ఆమే. సరిగ్గా ఆ చెలిమి గట్టిపడుతున్న రోజుల్లో, 1958 జూలై 15న, మిమీ ఇంటి నుంచి బయటికి వచ్చి మెన్‌లవ్ అవెన్యూ రోడ్డు దాటుతూ కారు కింద పడి చనిపోయింది. కారు నడిపింది డ్యూటీలో లేని ఒక పోలీసు. అప్పటికి లెనన్ వయసు పదిహేడు. తల్లిని రెండుసార్లు పోగొట్టుకున్నానని అతను తర్వాత చెప్పుకునేవాడు.

ఈ తల్లి మీద అతను అంతకుముందే ఒక పాట రాశాడు. 1968లో బీటిల్స్ తెల్ల అట్ట ఆల్బంలో 'జూలియా' ఉంది. ఎంతో అందమైన పాట. అందులో సముద్రపు గవ్వల్లాంటి కళ్లు ఉన్నాయి, గాలిలాంటి చిరునవ్వు ఉంది, కవి ఖలీల్ జిబ్రాన్ దగ్గర తీసుకున్న వాక్యం ఉంది, తర్వాత భార్య అయిన యోకో ఓనో పేరుకు సంకేతం ఉంది. ఉపమానాల పరదాల వెనుక తల్లి లీలగా కనబడుతుంది. రెండేళ్ల తర్వాత రాసిన 'మదర్'లో ఒక్క ఉపమానం కూడా లేదు. నువ్వు నన్ను కన్నావు, నేను మాత్రం నిన్ను పొందలేదు. నువ్వు నాకు కావాలి, నీకు నేను అక్కరలేదు. చిన్న పిల్లవాడి మాటలు. చివరకు అమ్మను వెళ్లొద్దనీ, నాన్నను ఇంటికి రమ్మనీ ఒకే మాటను తిప్పి తిప్పి, గొంతు చిట్లిపోయేదాకా అరవడం. ఒకే మనిషి, ఒకే దుఃఖం, రెండేళ్ల తేడా. 1968 పాటలోని నగలన్నీ ఒలిస్తే 1970 పాట వస్తుంది.

మధ్యలో ఏం జరిగిందంటే, ఒక పుస్తకం వచ్చింది. కాలిఫోర్నియాకు చెందిన ఆర్థర్ జానోవ్ అనే మానసిక చికిత్సకుడు, బాల్యంలో మింగేసిన బాధను మళ్లీ అనుభవించి, ఏడ్చి, అరిచి బయటికి తోసేస్తే మనిషి బాగుపడతాడని 1970లో వచ్చిన తన పుస్తకంలో ప్రతిపాదించాడు. లెనన్ ఆ పుస్తకం చదివి, జానోవ్‌ను ఇంగ్లండ్‌లోని తన ఇంటికే రప్పించుకున్నాడు. తర్వాత యోకోతో కలిసి లాస్ ఏంజెలెస్ వెళ్లి కొన్ని నెలలు ఆ చికిత్స తీసుకున్నాడు. అది పూర్తికాకుండానే తిరిగొచ్చాడు. ఆ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారం పెద్దగా లేదని మనోవైద్యులు చాలామంది అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆ తగువు నాకు అక్కరలేదు. ఒక కళాకారుడికి తాత్కాలికంగా ఒక తాళంచెవి దొరికింది. తలుపు తెరుచుకున్నాక తాళంచెవి మంచిదా నకిలీదా అన్న విచారణ పాట వినేవాడి పని కాదు.

జానోవ్ వల్లే అరుపు వచ్చిందన్న మాటను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోను. 1963లో 'ట్విస్ట్ అండ్ షౌట్' పాడింది ఇదే గొంతు. 1965లో 'హెల్ప్' అని నవ్వు ముఖంతో పాడిన పాట నిజంగా సాయం కోసం పెట్టిన కేకేనని తర్వాత చెప్పింది ఇతనే. పైగా పక్కన యోకో ఉంది. న్యూయార్క్ ప్రయోగ కళాకారుల మధ్య మాటలు లేని గొంతుతో, కేకలతో, రొప్పుతో సంగీతం చేసిన మనిషి. లెనన్‌కు అరవడానికి అనుమతి ఒక వైద్యుడు ఇచ్చి ఉండవచ్చు. అరుపు కూడా సంగీతమేనని నేర్పింది మాత్రం భార్య అని నా నమ్మకం.

ఇక స్టూడియోకు వెళదాం. నాకు ఎక్కువ ఆసక్తి ఉన్న చోటు ఇదే. 1970 సెప్టెంబర్ చివర లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో పని మొదలైంది, అక్టోబర్‌లో ముగిసింది. గదిలో వాయించేది ముగ్గురు. లెనన్ గిటారు గానీ పియానో గానీ వాయిస్తూ పాడతాడు. రింగో డ్రమ్స్. వూర్మన్ బేస్. వూర్మన్ హాంబర్గ్ రోజుల నుంచి మిత్రుడు. వృత్తి రీత్యా చిత్రకారుడు కూడా, 'రివాల్వర్' ఆల్బం అట్ట మీది బొమ్మ గీసింది అతనే. ఈ ఇద్దరూ చేసిన గొప్ప పని, చేయకుండా ఊరుకోవడం. రింగోను తక్కువ అంచనా వేసేవాళ్లు మన మధ్య కూడా ఉంటారు. వాళ్లు 'ఐసొలేషన్' వినాలి, 'రిమెంబర్' వినాలి. గాయకుడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడ డ్రమ్ము ఆగుతుంది. ఒక్క అనవసరమైన దెబ్బ లేదు. ఎనిమిదేళ్లుగా ఒక మనిషి గొంతు వెనుక కూర్చున్నవాడికే అది సాధ్యం.

లెనన్‌కు తన గొంతు నచ్చేది కాదు, ఇది చాలామందికి తెలియదు. బీటిల్స్ రోజుల్లో గొంతు మీద గొంతు పరచి పాడేవాడు. ఒకే పాట రెండుసార్లు పాడాల్సి వస్తోందని విసుక్కుంటే, 1966లో కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు దానంతటదే గొంతును జంటగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. ఇతని గొణుగుడు వల్ల రికార్డింగ్ విద్యకే ఒక కొత్త సాధనం దొరికింది. అంతగా తన గొంతును దాచుకున్నవాడు 'వర్కింగ్ క్లాస్ హీరో'లో ఒక్క గిటారుతో, పూర్తిగా బయటికి వచ్చి నిలబడ్డాడు. నాలుగు నిమిషాలకు కాస్త తక్కువగా సాగే ఆ పాటలో ఇంకేమీ లేదు.

అది ఒక్క ఊపులో వచ్చిందనుకుంటున్నారా? మళ్లీ వినండి.

('వర్కింగ్ క్లాస్ హీరో' కొంత భాగం వినిపించారు.)

పాట మొదలై నిమిషంన్నర అవుతుండగా గిటారు ధ్వని ఒక్కసారిగా మారింది, గమనించారా? అక్కడ ఒక చరణాన్ని వేరే టేకు నుంచి, అంటే ఇంకోసారి పాడిన రికార్డింగు నుంచి, తెచ్చి అతికించారు. ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన సహాయకుడు ఒకరు, ఈ పాటను లెనన్ లెక్కలేనన్ని సార్లు పాడాడని గుర్తుచేసుకున్నాడు. ఉన్నదున్నట్టు గుండె విప్పుతున్నవాడు అన్నిసార్లు ఎందుకు పాడతాడు? సరిగ్గా రావాలని. పచ్చిగా వినబడడం కూడా ఒక పనితనమే. 2021లో ఈ ఆల్బంకు పెద్ద సంచిక వచ్చింది. వాడకుండా పక్కన పెట్టిన టేకులు, ఇంట్లో చేసుకున్న ముసాయిదా రికార్డింగులు అందులో ఉన్నాయి. వినండి, పాటలు ఎలా చిక్కిపోతూ వచ్చాయో తెలుస్తుంది. 'గాడ్' పాటకు ఇంట్లో చేసుకున్న ఒక తొలి రూపంలో అతను ఊరి ప్రబోధకుడిలా వెటకారం చేస్తాడు, తనను దేవదూతలు పంపినట్టు మాట్లాడతాడు. ఆ వెటకారం ఆల్బంలోకి రాలేదు. హాస్యం లెనన్‌కు పుట్టుకతో వచ్చిన కవచం, దాన్నీ తీసి పక్కన పెట్టాడు.

'గాడ్' పాటకు వచ్చాం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. మన బాధను కొలుచుకోవడానికి పెట్టుకున్న ఒక భావన దేవుడు, అని మొదలవుతుంది. తర్వాత ఒక జాబితా. నమ్మను, నమ్మను అంటూ పదిహేను పేర్లు. ఇంద్రజాలం, చైనావాళ్ల జోస్య గ్రంథం ఐ చింగ్, బైబిల్, టారో కార్డులు, హిట్లర్, ఏసు, కెనెడీ, బుద్ధుడు, మంత్రం, గీత, యోగం, రాజులు, ఎల్విస్, జిమ్మర్‌మన్, అంటే బాబ్ డిలన్. చివరగా బీటిల్స్. ఆ పేరు తర్వాత వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, నన్ను మాత్రమే నమ్ముతాను, యోకోను, నన్ను, అంటాడు. కల ముగిసింది అంటాడు. 1970లో ఆ మాట విన్న యువత ఎలా ఉలిక్కిపడి ఉంటుందో ఊహించండి. ఒక దశాబ్దం మీద తలుపు మూసేశాడు.

ఆ జాబితాలో మంత్రం, గీత, యోగం పక్కపక్కనే ఉండడం యాదృచ్ఛికం కాదు. 1968 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా లెనన్ ఋషికేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో గడిపాడు. నమ్మి వెళ్లాడు, కోపంతో తిరిగొచ్చాడు. ఈ ఆల్బంలోని 'లుక్ ఎట్ మీ' ఆ రోజుల్లో పుట్టిన పాటే. అక్కడే గాయకుడు డొనవన్ నేర్పిన వేళ్లతో మీటే పద్ధతి ఆ గిటారులో వినబడుతుంది. 'ఐ ఫౌండ్ అవుట్' పాటలోనైతే గురువులను, హరేకృష్ణ భజనను సూటిగానే ఎత్తిపొడిచాడు. అదే నెలలో హారిసన్ 'మై స్వీట్ లార్డ్' ప్రపంచమంతటా హరేకృష్ణ అని పాడిస్తోంది. ఇద్దరూ ఋషికేశ్‌లో ఒకే చెట్ల కింద కూర్చున్నవాళ్లే. ఒకడు భక్తుడై వచ్చాడు, ఒకడు నాస్తికుడై వచ్చాడు.

ముందు వరుసలో ఒక పెద్దాయన ఇందాక విరామంలో అడిగారు: మా రామదాసు కూడా చెరసాలలో ఇంతకన్నా గట్టిగా తిట్టాడు కదా, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీశాడు కదా, ఇతను కొత్తగా చేసిందేమిటి, అని. మంచి ప్రశ్న. కోపంలో, నిష్ఠూరంలో, లెక్క అడగడంలో రామదాసు ఎవరికీ తీసిపోడు. కానీ తిట్టడానికి అవతల ఒకడున్నాడు. వింటాడన్న నమ్మకం తిట్టులోనే ఉంది. లెనన్ పరిస్థితి వేరు. దేవుణ్ణి తీసేశాడు, గురువును తీసేశాడు, తన బృందాన్నే తీసేశాడు. ఆ పిలుపు తల్లిదండ్రులకు పోవాలి. తల్లి చనిపోయింది, తండ్రి ఉన్నా లేనట్టే. అందుకే 'మదర్' చివర ఆ కేక అంతసేపు సాగుతుంది. అందుకునే చేయి అవతల లేదు.

అయితే అతను అందరినీ తీసేశాడు గానీ, ఒకరిని అసలు తీసుకురానేలేదు. ఈ ఆల్బం అభిమానులు ఈ సంగతి మీద ఎక్కువసేపు నిలబడరు. 'మదర్' మూడో చరణం పిల్లలను ఉద్దేశించినది. నేను చేసిన పని మీరు చేయకండి, అంటాడు. సాధారణంగా పిల్లలందరికీ చెబుతున్నట్టు ఉంటుంది. అప్పటికి అతని కొడుకు జూలియన్ వయసు ఏడేళ్లు. 1968లో లెనన్, మొదటి భార్య సింథియా విడాకులు తీసుకున్నారు, కొడుకు తల్లి దగ్గర పెరుగుతున్నాడు. తనను వదిలి వెళ్లిన తండ్రి గురించి గుండె పగిలేలా పాడుతున్న మనిషి, ఆ రోజున తాను కూడా వదిలి వచ్చిన తండ్రే. ఈ పదకొండు పాటల్లో ఆ పిల్లవాడి పేరు లేదు. పెద్దయ్యాక జూలియన్, లోకానికి ప్రేమను, శాంతిని బోధించిన తండ్రి వాటిని తన దగ్గర చూపలేదని బహిరంగంగానే అన్నాడు.

దీనివల్ల ఆల్బం అబద్ధమైపోతుందా? నేనలా అనను. కానీ గుండె విప్పి చెప్పడం అంటే అంతా చెప్పడం అనుకునేవాళ్లు ఇక్కడ తడబడతారు. తన గాయాన్ని చెప్పుకోవడం ఒక నిజాయితీ. తాను చేసిన గాయాన్ని చెప్పుకోవడం ఇంకొకటి, మొదటిదానికన్నా చాలా కష్టం. మొదటిదాన్ని ఈ ఆల్బం శిఖరానికి తీసుకెళ్లింది, రెండోదాన్ని ముట్టుకోలేదు.

మిగతా పాటల గురించి గబగబా. 'హోల్డ్ ఆన్' తనకు తాను ధైర్యం చెప్పుకునే చిన్న పాట. మధ్యలో పిల్లల టీవీ కార్యక్రమంలోని రాక్షసుడిలా 'కుకీ' అని గుర్రుమంటాడు. వెటకారం మొత్తం పోలేదు, ఒక్క ముక్క దాక్కుంది. 'వెల్ వెల్ వెల్' నాకు పెద్దగా ఎక్కదు, అందులో కేక పాటను దాటిపోయిందనిపిస్తుంది. 'రిమెంబర్' రికార్డు చేసింది అతని ముప్పయ్యో పుట్టినరోజున, అక్టోబర్ 9న. నవంబర్ ఐదు అని పాడి, బాంబు పేలుడుతో ముగిస్తాడు. ఆ రోజున ఇంగ్లండ్‌లో, పార్లమెంటును పేల్చేయబోయి విఫలమైన గై ఫాక్స్ కుట్ర జ్ఞాపకంగా టపాసులు కాలుస్తారు. 'లవ్' గురించి చెప్పాల్సింది ఏమీ లేదు, వింటే చాలు. చివరగా 'మై మమ్మీస్ డెడ్'. యాభై సెకన్లు కూడా ఉండదు. లాస్ ఏంజెలెస్‌లో ఉన్నప్పుడు మామూలు కేసెట్ రికార్డర్‌లో పాడుకున్నది, బాణీ ఇంగ్లీషు పిల్లల పాట లాంటిది. కేసెట్ల రోజుల్లో నా దగ్గర అరువు తీసుకున్న మిత్రుడొకడు, చివర టేపు పాడైందని తిరిగి ఇచ్చేశాడు. (నవ్వులు.)

అప్పటి జనం ఎలా తీసుకున్నారు? అమెరికా అమ్మకాల పట్టికలో ఆల్బం ఆరో స్థానం దాకా వెళ్లింది. 'మదర్'ను అక్కడ విడి రికార్డుగా వేస్తే 43 దగ్గర ఆగిపోయింది. రేడియోలో పొద్దున్నే చావు గంట ఎవరు వేస్తారు? 'వర్కింగ్ క్లాస్ హీరో'లో రెండుసార్లు వచ్చే బూతు మాటను ఆల్బంతో ఇచ్చిన పాటల కాగితంలో తీసేయించారు. 1973లో వాషింగ్టన్‌లోని ఒక విశ్వవిద్యాలయ రేడియో కేంద్రం ఆ పాట వేసిందని అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడొకరు ఫిర్యాదు చేశారు. కేంద్రం నిర్వాహకుడు జైలు దాకా వెళ్లాల్సి ఉండేది, అతను వెనక్కి తగ్గలేదు. చివరికి కేసు నిలవలేదు.

లెనన్ కూడా ఈ ఫలితాన్ని చూసి పాఠం నేర్చుకున్నాడు, అది మెచ్చుకోదగిన పాఠమా కాదా అన్నది మీ ఇష్టం. 1971లో 'ఇమాజిన్' వచ్చింది. స్వర్గం లేదు, దేశం లేదు, ఆస్తి లేదు అనే ఆ పాటలోని సరుకు ఈ ఆల్బంలోనిదే. తంతి వాద్యాలు కలిపారు, అంతే. పాల్ మెకార్ట్నీకి 'మెలోడీ మేకర్' పత్రిక ద్వారా రాసిన బహిరంగ లేఖలో లెనన్, 'ఇమాజిన్' అంటే చక్కెర పూసిన 'వర్కింగ్ క్లాస్ హీరో' అని అన్నాడు. చక్కెర పూసింది ప్రపంచమంతా పాడుకుంది. పూయనిది సంగీతకారులు దాచుకున్నారు.

ఎవరెవరు దాచుకున్నారో చూస్తే విచిత్రంగా ఉంటుంది. ఏడాది తిరగకముందే బార్బరా స్ట్రైసండ్ 'మదర్', 'లవ్' రెండూ పాడింది. సంగీత నాటకాల తార నోట ఆ కేక! 1979లో ఇంగ్లీషు గాయని మరియన్ ఫెయిత్‌ఫుల్, పొగతో, రోగంతో, చెడిన గొంతుతో 'వర్కింగ్ క్లాస్ హీరో' పాడితే అది ఆమె ఆత్మకథలా వినబడింది. 1980ల ఆరంభంలో టియర్స్ ఫర్ ఫియర్స్ బృందం తన పేరునే జానోవ్ ఆలోచనల నుంచి తీసుకుంది. వాళ్ల తొలి ఆల్బం మొత్తం బాల్యపు గాయాల గురించే. 1988లో యూటూ బృందం 'గాడ్'కు రెండో భాగం అంటూ జవాబు పాట రాసింది. 2007లో సూడాన్‌లోని దార్ఫుర్ బాధితుల కోసం వచ్చిన సంకలనంలో గ్రీన్ డే బృందం 'వర్కింగ్ క్లాస్ హీరో' పాడింది. 1970లో బ్రిటన్ వర్గ వ్యవస్థ మీద రాసిన పాట కాలిఫోర్నియా కుర్రాళ్ల నోట ఆఫ్రికా కోసం వినబడింది.

వీటికన్నా పెద్ద ప్రభావం పేర్లు పెట్టి చూపలేనిది. రాక్ గాయకుడు తన అసలు పేరుతో, తన అసలు తల్లి గురించి, పాత్ర వెనుక దాక్కోకుండా పాడవచ్చన్న సంగతి స్థిరపడింది. అన్నీ ఇక్కడి నుంచే పుట్టాయని చెప్పడం అతిశయోక్తి. గాయని జోనీ మిచెల్ ఆల్బం 'బ్లూ' ఆరు నెలలకే వచ్చింది, ఆమె దారి ఆమెది, ఆమె ఎవరి దగ్గరా అనుమతి తీసుకోలేదు. గాలిలోనే అది ఉంది. నాకు ఈ ఆల్బంకు నిజమైన తోబుట్టువు అనిపించేది నీల్ యంగ్ 1973లో రికార్డు చేసి 1975లో విడుదల చేసిన 'టునైట్స్ ద నైట్'. మత్తుమందులకు బలైన ఇద్దరు మిత్రుల కోసం పాడినది. గొంతు పగిలిన చోట పగిలినట్టే వదిలేశాడు, అయినా పాటల కట్టడం చెక్కుచెదరలేదు.

అనుకరించినవాళ్లలో ఎక్కువమంది కేకను పట్టుకెళ్లారు, ఖాళీని వదిలేశారు. నా ఫిర్యాదు అదే. 1990ల నుంచి వచ్చిన ఎన్నో రికార్డుల్లో గాయకుడి వేదన వెనుక గిటార్లు పొరలు పొరలుగా హోరెత్తుతాయి. బాధ పెద్దది కాబట్టి ధ్వని కూడా పెద్దదిగా ఉండాలని లెక్క. లెనన్ లెక్క తిరగబడి ఉంది. 'మదర్'లో కేక భయపెట్టడానికి కారణం, దాని వెనుక పియానో అదే నడకలో, అదే నిదానంతో, ఏమీ జరగనట్టు సాగిపోవడం.

'రోలింగ్ స్టోన్' పత్రిక 2003లో వేసిన అయిదు వందల గొప్ప ఆల్బంల జాబితాలో దీనికి 22వ స్థానం దక్కింది. 2020లో కొత్తగా ఓట్లు వేయిస్తే 85కు జారింది. దానికి నేనేమీ బాధపడలేదు. ఈలోగా ఎందరో ఆడవాళ్లు, నల్లజాతి కళాకారులు తమకు న్యాయంగా రావలసిన చోట్లకు వచ్చారు, పాతవాళ్లు జరిగి చోటివ్వాలి.

1980లో, అయిదేళ్ల విరామం తర్వాత లెనన్ మళ్లీ ఆల్బం చేశాడు. దాని మొదటి పాట చిన్న గంటల చప్పుడుతో మొదలవుతుంది, చేతిలో పట్టుకుని మోగించే చిట్టి గంట. 'మదర్' ముందున్న చావు గంటకు జవాబుగా కావాలనే పెట్టానని ఆ నాటి ఇంటర్వ్యూల్లో చెప్పాడు. పదేళ్ల కిందటి రికార్డును అతను అంతగా మనసులో పెట్టుకున్నాడు. ఆ ఆల్బం వచ్చిన కొన్ని వారాలకే, డిసెంబర్ 8న, న్యూయార్క్‌లో హత్యకు గురయ్యాడు.

ఇక చివరిగా, చాలా ప్రసంగాలు ఎగరగొట్టే సంగతి. అదే 1970 డిసెంబర్ 11న యోకో ఓనో ఆల్బం కూడా విడుదలైంది. పేరూ అదే పద్ధతిలో, 'యోకో ఓనో/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్'. అట్ట బొమ్మ కూడా అదే చెట్టు కింద తీసింది. ఒకదానిలో అతను ఆమెకు ఆనుకుని ఉంటాడు, ఇంకొకదానిలో ఆమె అతనికి ఆనుకుని ఉంటుంది. చాలా పాటల్లో అదే రింగో, అదే వూర్మన్, గిటారు లెనన్. అప్పట్లో దాన్ని ఎగతాళి చేశారు, చాలామంది వినకుండానే. మొరటు హోరుతో సాగే పంక్ రాక్ వచ్చాక, బి-ఫిఫ్టీటూస్ లాంటి అమెరికా బృందాలు వచ్చాక, ఆమె ఎంత ముందు నడిచిందో తెలిసింది. ఆ బృందం పాట ఒకటి 1980 ప్రాంతంలో విని, ఇది యోకో సంగీతంలాగే ఉందే అని ఉత్సాహపడి తాను మళ్లీ పాటల వైపు కదిలానని లెనన్ చెప్పాడు. అతని ఆల్బంలో గిటారు అణకువగా ఉంటుంది. అదే మనిషి అదే రోజుల్లో ఆమె గొంతు పక్కన ఎలా చెలరేగాడో 'వై' అనే తొలి పాటలో వినవచ్చు. అయిదు నిమిషాలకు పైనే ఉంటుంది. ఇప్పుడు వినిపిస్తాను. తట్టుకోలేమనుకునేవారికి బయట వరండాలో టీ సిద్ధంగా ఉందని నిర్వాహకులు చెప్పమన్నారు. (నవ్వులు.) ఉన్నవాళ్లు కొంచెం ముందుకు జరిగి కూర్చోండి, స్పీకర్లు ఇటువైపు ఉన్నాయి.